ఒనోరా చదవని బడి

ఆదివారం భోజనాల దగ్గర చెంచా కింద పెట్టిన అట్రాక్టా అత్త బుధవారం పొద్దుటికి కూడా దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరితోనూ మాట్లాడనూ లేదు.

డింప్నా ఓట్స్ జావ గిన్నె ఆవిడ గదిలోకి తీసుకెళ్ళి, పట్టుకెళ్ళినట్టే వెనక్కి తెచ్చింది. గిన్నెను సింకులో పడేసిన చప్పుడుతోనే చెప్పదలచుకున్నది సగం చెప్పేసింది. మిగతా సగం నోటితో చెప్పింది.

"రెండు గుక్కల నీళ్ళు తాగింది, అంతే. ఎనభై దాటిన మనిషి. ఆవిడకేమైనా అయితే ఆ బడి పుస్తకం కూడా శవపెట్టెలో పెట్టి సాగనంపుదువుగాని, ఊనా."

ఊనా చల్లారిపోయిన టీ ముందు కూర్చుని ఉంది. వదిన మాటకి ఎదురు చెప్పలేదు. గాల్వే నగరంలో కాపురం చెడి, పుట్టింట్లో వెనక గదిలోకి వచ్చి చేరినప్పటి నుంచీ ఆమెకు ఈ ఇంట్లో గొంతు పెంచే హక్కు తనకుందో లేదో తెలియదు. పైగా ఈసారి తప్పు తనదే.

తప్పనిపించలేదు అప్పుడు. డ్రమ్‌షిన్ బడి ఈ వేసవితో మూతపడుతోంది. పిల్లలు లేరు. మూసేలోగా బడి గురించి ఒక పుస్తకం వెయ్యాలని ఊరివాళ్ళు కమిటీ వేసుకున్నారు. బీరువాలో బూజుపట్టిన పాత హాజరు పుస్తకాలు తిరగెయ్యడానికి తీరికున్న మనిషి ఊనా ఒక్కతే కనిపించింది. ఆమె కూడా సంతోషంగానే ఒప్పుకుంది. నాయనమ్మ పేరు అందులో ఉంటుంది కదా అని.

నాయనమ్మ ఒనోరా పోయి ముప్పై ఏళ్ళవుతోంది. అట్రాక్టా అత్తకీ, ఊనా తండ్రి కోలమ్‌కీ తల్లి. డ్రమ్‌షిన్ బడిలో చదువుకున్నానని ఎప్పుడూ చెప్పేది. మాస్టరు బెత్తం గురించీ, చలికాలంలో ఒక్కో పిల్లా చంకలో కట్టెలా కాలే పీట్ మట్టిగడ్డ పెట్టుకుని పొయ్యి కోసం మోసుకెళ్ళడం గురించీ చెప్పేది. నీ పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు నాయనమ్మా అని ఊనా చిన్నప్పుడు అడిగితే, కిటికీ అనేసి ఊరుకునేది.

పేరు దొరికింది. ఒనోరా లవెల్, రైతు కూతురు. ఐదేళ్ళకి బడిలో చేరింది. చదవడం బాగు, లెక్కలు అంతంత మాత్రం. పదో ఏట ఆ వరస మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత. బడి ఎందుకు మానిందో రాసే చివరి గడిలో ఒకే మాట. మరణం.

రాసినవాళ్ళ పొరపాటనుకుంది ఊనా. ఆదివారం బంగాళదుంపలు వడ్డించుకుంటూ నవ్వుతూనే అంది, నాయనమ్మ పదేళ్ళకే పోయిందట అత్తా, మరి మనమంతా ఎక్కడినుంచి ఊడిపడ్డాం అని.

తను ఒక్కతే నవ్వింది. అన్నయ్య మాలకీ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. అత్త చెంచాను కంచం పక్కన చప్పుడు కాకుండా పెట్టి, లేచి, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది. అది పొరపాటు కాదని ఊనాకి అప్పుడే తెలిసింది.

*

మాలకీ పశువుల కొట్టం నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే గడపలో నిలబడ్డాడు. తిన్నదా అని భార్యని కళ్ళతోనే అడిగాడు. డింప్నా తల అడ్డంగా ఊపింది.

"ఆ పుస్తకం ఎక్కడుంది?" అన్నాడు చెల్లెలితో.

"బడిలోనే ఉంది."

"అక్కడే ఉండనీ. ఆ పేజీ నువ్వు చూడలేదు. మీ కమిటీలో ఎవరైనా అడిగితే చెదలు పట్టిందని చెప్పు."

"నీకు ముందే తెలుసు కదా అన్నయ్యా."

మాలకీ సింకు వైపు తిరిగాడు. కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్న చేతుల్ని చాలాసేపు కడిగాడు.

అరవై ఏళ్ళ మనిషి. వర్షంలో దూడ కోసం గుంటలో దిగడానికి వెనకాడడు గానీ, మాట్లాడాల్సి వస్తే మాత్రం ఎప్పుడూ ఏదో ఒక పని వెతుక్కుంటాడు. ఊనా వదల్లేదు. నాయనమ్మ అసలు ఒనోరా కాదా, మరి ఎవరు, ఆ చచ్చిపోయిన పిల్ల ఎవరు అని ఒకదాని మీద ఒకటి అడిగింది.

"మనం నిలబడ్డ ఈ నేల ఎవరిది?" అన్నాడు మాలకీ, వెనక్కి తిరక్కుండా.

"నాయనమ్మది. వాళ్ళ నాన్న నుంచి వచ్చింది."

"లవెల్‌ల నేల. కొండకి అవతల లవెల్‌లు ఇంకా ఉన్నారు. నాయనమ్మ నాన్నకి తమ్ముడి మనవలు. ఆయనకి కూతురు లేకపోతే ఈ నేల వాళ్ళది."

ఇన్నేళ్ళ తర్వాత ఏ కోర్టూ ఆ మాట వినదని ఊనా అంది. డింప్నా కూడా, గిన్నెలు తోముతూనే, అదీ నిజమే అన్నట్టు చూసింది.

"కోర్టు గురించి ఎవరు మాట్లాడుతున్నారు? ఆదివారం పూజ అయ్యాక చర్చి గోడ దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళ గురించి చెప్తున్నాను. నాన్న ఆ గోడ పక్కనుంచి తలెత్తుకుని నడిచాడు. నేనూ నడిచాను. ఇప్పుడు నువ్వొచ్చి..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. తువ్వాలు కుర్చీ మీద పడేసి బయటికి వెళ్ళిపోయాడు. ఊనా అన్నయ్య వీపు వంక చూస్తూ ఉండిపోయింది. ఆ మనిషిలో ఉన్నది కోపం కాదని ఆమెకనిపించింది. భయం. చర్చి గోడ దగ్గర కబుర్లకు మాలకీ అంత భయపడడం ఆమె ఎన్నడూ చూడలేదు.

*

అట్రాక్టా అత్త గది ఒకప్పుడు నాయనమ్మది. మంచమూ నాయనమ్మదే. ఇద్దరు పడుకునే పాతకాలపు ఇనప మంచం. అత్త దాని అంచున పడుకుని ఉంది. గోడ వైపు సగం ఖాళీ, దుప్పటి మీద ముడత కూడా లేదు. పెళ్ళి చేసుకోకుండా ఈ ఇంట్లోనే ముసలిదైపోయిన మనిషి, ఊనా చూసినప్పటి నుంచీ అలాగే పడుకుంటుంది. నాయనమ్మా అలాగే పడుకునేది.

ఊనా కుర్చీ లాక్కుని కూర్చుంది. తప్పయింది అత్తా అంది. జావ చల్లారుతుంది, ఒక్క చెంచా అంది. ఆ పుస్తకం సంగతి ఇంక ఎత్తనంది. కిటికీ అవతల వాన మొదలైంది. అత్త పైకప్పు వంక చూస్తూ జపమాల పూసల మీద వేలు ఆనించి ఉంది గానీ వేలు కదలడం లేదు.

ఊనా లేవబోతుంటే అత్త మాట్లాడింది. మాటల్లేక గొంతు బొంగురుపోయింది.

"ఆ ఖాళీలో కూర్చోకు."

ఊనాకి అర్థం కాలేదు.

"మంచం మీద, ఆ వైపు. ఎప్పుడైనా కూర్చున్నావా?"

"లేదు అత్తా."

"మంచిది. అది ఆ పిల్లది."

తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు, ఊనా ముఖం వంక చూడలేదు. ఎప్పుడో బట్టీపట్టిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది.

లవెల్ దంపతులకు ఒక్కతే కూతురు. గొంతువాపు జ్వరం వచ్చి పోయింది. తల్లి నమ్మలేదు. పూడ్చి వచ్చిన సాయంత్రం కూడా పిల్లకి కంచం పెట్టింది. బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడేది, చీకటిపడేదాకా లోపలికి వచ్చేది కాదు. చలికాలమంతా అలాగే చేసింది. ఈమె కూడా దక్కదని తండ్రికి అర్థమైపోయింది. ఒక రోజు బండి కట్టుకుని పట్టణం వెళ్ళాడు. అక్కడ సిస్టర్లు నడిపే అనాథల బడి ఒకటుండేది. ఇంటిపనికని చెప్పి ఆ వయసు పిల్లనే ఒకదాన్ని అడిగి తెచ్చుకున్నాడు. బండి దిగిన పిల్లని చూసి తల్లి, ఒనోరా వచ్చావా, ఇంత ఆలస్యమైందేం అంది. ఆ రాత్రే తల అంటి, చచ్చిపోయిన పిల్ల గౌను తొడిగి, ఆ పిల్ల మంచంలోనే పడుకోబెట్టింది.

"ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదా?" అంది ఊనా.

"ఏమంటారు? పెట్టె మోసింది వాళ్ళే కదా. అందరికీ తెలుసు. ఆవిడ మనసు మళ్ళీ నిలబడిందని అందరూ ఒనోరా అనే పిలిచారు. ఫాదరు కూడా పిలిచాడు. మాస్టరు ఒక్కడే ఒప్పుకోలేదు. గీత గీసేసిన పేరుని మళ్ళీ ఎలా రాస్తానన్నాడట. అందుకని మా అమ్మ ఆ బడి గడప ఎక్కలేదు. పక్కింటి పిల్లలు వచ్చి చెప్పే కబుర్లు విని, అవన్నీ తనకే జరిగినట్టు మాకు చెప్పేది."

ఈ సంగతి తల్లి ఒకే ఒక్కసారి చెప్పిందట, అట్రాక్టాకి ఇరవై ఏళ్ళప్పుడు. ముసలి లవెల్ ఒంటరిగా కొట్టంలో ఉన్నప్పుడు తనను అమ్మాయ్ అనే పిలిచేవాడనీ, చచ్చేదాకా ఏ పేరూ పెట్టి పిలవలేదనీ చెప్పింది. రాత్రిపూట ఆ మంచంలో పక్కన ఎవరో జరుగుతున్నట్టు ఉండేదని చెప్పింది. ఇరుకవుతోందేమో అని అంచుకి జరిగి పడుకునేదట. పెళ్ళయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

అత్త చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నీకెందుకత్తా ఇంత బాధ, నాయనమ్మ ఎవరైతేనేం, నీకు అమ్మే కదా అంది ఊనా.

అత్త అప్పుడు మొదటిసారి ఆమె వైపు తల తిప్పింది.

"నేను కోపంతో తిండి మానేశాననుకుంటున్నారా మీరందరూ? నాకు ముద్ద దిగడం లేదే. అమ్మ పోయినప్పటి నుంచీ ప్రతి నవంబరులోనూ పోయినవాళ్ళ పూజకని చర్చికిచ్చే ఆత్మల పండగ కవరు మీద ఒనోరా అని రాసి ఇస్తున్నాను. పూజలు చెప్పిస్తున్నాను. రోజూ పడుకోబోయే ముందు ఒనోరా ఆత్మకి అని జపమాల చెప్పుకుంటున్నాను. నువ్వు ఆదివారం ఆ మాట అన్నాక తెలిసింది నాకు. అవన్నీ ఆ పిల్లకే పోయాయి. అది పదేళ్ళది, దానికి ఏ పాపం ఉంది, ఎప్పుడో స్వర్గానికి పోయి ఉంటుంది. మా అమ్మకి ఒక్కటీ అందలేదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ స్వర్గం బయట, మన జపాల కోసం ఎదురుచూస్తూ ఉంది. పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు."

"ఆవిడ అసలు పేరు నీకు చెప్పలేదా?"

"అడిగాను. అది అక్కడే వదిలేసి వచ్చానంది."

దేవుడికి పేర్లతో పనేముంది అత్తా అనబోయి ఊనా ఆగిపోయింది. ఆ ముఖం ముందు అలాంటి మాట నోట రాదు.

"ఆ సిస్టర్ల బడిలో కూడా హాజరు పుస్తకం ఉంటుంది కదా," అంది అత్త. "నువ్వు చూడగలవు. వెళ్ళి చూడు."

*

కారు తాళాలు మాలకీ దగ్గర ఉంటాయి. అడిగితే ఎక్కడికని అడుగుతాడు. ఊనా వంటింట్లో కోటు వేసుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడితే, డింప్నా తన చేతిసంచీలోంచి రెండో తాళం తీసి బల్ల మీద పెట్టింది. గది తలుపు అవతల తను ఎంతసేపు నిలబడి విన్నదో చెప్పలేదు.

"వచ్చేటప్పుడు వెన్న పట్రా. మీ అన్నయ్య అడిగితే వెన్నకే వెళ్ళావంటాను."

పట్టణంలో ఆ బడి భవనం ఇప్పుడు లేదు. దాని వెనక కాన్వెంటు ఒకటి మిగిలింది, అందులో కొద్దిమంది ముసలి సిస్టర్లు. పాత పుస్తకాలు చూసుకునే సిస్టర్ బెనిగ్నా తలుపు తీసి, ఊనా ఎవరో, ఎవరికోసం వచ్చిందో గుమ్మంలోనే అడిగింది. ఇలా వచ్చేవాళ్ళు కొందరు కేకలు వేస్తారనీ, కొందరు ఫొటోలు పట్టుకొచ్చి ఏడుస్తారనీ, దేనికైనా తాను అలవాటుపడ్డాననీ చెప్పింది. ఊనాకి కేకలు వెయ్యాలని లేదు. పేరొక్కటి చాలంది.

"పేరు తెలియకుండా పేరు వెతకడం కష్టం," అంది సిస్టర్.

"ఎవరింటికి వెళ్ళిందో తెలుసు. లవెల్, డ్రమ్‌షిన్. ఏ ఏడో కూడా ఇంచుమించు తెలుసు."

సిస్టర్ బెనిగ్నా లోపలికి వెళ్ళి చాలాసేపటికి ఒక పెద్ద పుస్తకం మోసుకొచ్చింది. తన ముందే పెట్టుకుంది, ఊనాకి ఇవ్వలేదు. పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. రెండు తెల్లకాగితాలు తీసి, ఒకటి పైన, ఒకటి కింద అడ్డం పెట్టింది. మధ్యలో ఒక్క వరస మాత్రం కనపడేలా సర్ది, అప్పుడు పుస్తకాన్ని ఇటు తిప్పింది.

చివరి గడి ముందు చదివింది ఊనా. మైకేల్ లవెల్, రైతు, డ్రమ్‌షిన్, ఇంటిపనికి పంపడమైనది. అక్కడినుంచి వెనక్కి చదువుకుంటూ వచ్చింది. నడవడిక నెమ్మది. కుట్టుపని చాలా మంచిది. చదువు రెండో పుస్తకం దాకా, చదవగలదు, రాయడం తక్కువ. రోడ్డు మీద అడుక్కుంటూ దొరికింది. తల్లిదండ్రులు లేరు.

మొదటి గడిలో పేరు. అట్రాక్టా డర్కన్.

ఊనా మళ్ళీ చదివింది. ఆ అక్షరాల మీద వేలు పెట్టబోతే సిస్టర్ మెల్లిగా ఆమె చెయ్యి పక్కకి జరిపింది. సిరా పాతదని చెప్పింది.

అత్తకి ఆ పేరెందుకు పెట్టారని ఇంట్లో ఎన్నోసార్లు వాదనలు జరిగాయి. తాతయ్య వైపు హెనెహన్‌లలో ఆ పేరు లేదు, లవెల్‌లలో లేదు. మొదటి ఆడపిల్లకి అమ్మమ్మ పేరు పెట్టాలని తాతయ్య పట్టుబట్టినా నాయనమ్మ వినలేదట. జీవితంలో ఆవిడ మొండికేసింది అదొక్కసారేనని నాన్న నవ్వుతూ చెప్పేవాడు. ఊనాకి ఇప్పుడు కళ్ళ ముందు కనపడింది. పొలం గట్టు మీద నిలబడి, చీకటి పడుతోంది రావే అని నాయనమ్మ కూతుర్ని కేకేసి పిలవడం. తన పేరుని తనే అంత గట్టిగా అరిచి పిలుచుకోవడం.

"మంచినీళ్ళు కావాలా?" అంది సిస్టర్.

అక్కర్లేదంది. వరస చివర అంచున చిన్న అక్షరాలతో ఇంకేదో ఉంది. చూచువారు కింది వరస కూడా చూడవలెను అని.

"ఆ కాగితం కొంచెం కిందికి జరుపుతారా?"

కింది వరస ఈమెది కాదు, ఇంకొకరిది, చూపించకూడదని సిస్టర్ అంది. ఊనా కుర్చీలోంచి లేవలేదు.  చివరికి ముసలి సిస్టరే, నిట్టూర్చి, కాగితాన్ని వేలితో ఒక్క వరస మేర కిందికి లాగింది.

వినిఫ్రెడ్ డర్కన్. పై పిల్లకి చెల్లెలు. అక్కతో పాటే రోడ్డు మీద దొరికింది. అక్క వెళ్ళాక చాలాకాలం తిండి సరిగా తినలేదు. పదహారు నిండేదాకా ఇక్కడే.

*

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. వెన్న తేవడం మర్చిపోయింది. డింప్నా అడగలేదు. చారు వేడి చేస్తున్నదల్లా పొయ్యి తగ్గించి, తనూ వెనకే అత్త గదిలోకి వచ్చి తలుపు పక్కన నిలబడింది.

అత్త దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకుంది. చూపు ఊనా చేతుల మీదే ఉంది, ఏదో తెస్తుందన్నట్టు.

"చదువు నిజంగానే చదువుకుంది అత్తా," అంది ఊనా. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. "రెండో పుస్తకం దాకా. కుట్టుపని చాలా మంచిదని రాశారు."

"పేరు."

"నీ పేరే."

అత్త ఒక్క క్షణం అర్థంకానట్టు చూసింది.

"నీ పేరే ఆవిడ పేరు. అట్రాక్టా. అట్రాక్టా డర్కన్."

అత్త పెదవులు కదిలాయి. ఆ పేరుని తనే ఒకసారి బయటికి అనుకుంది, కొత్తగా విన్నదాన్ని పలికి చూసినట్టు. ఆవిడ ఏడుస్తుందేమోనని ఊనా దగ్గరికి జరిగింది. ఏడవలేదు. సంతోషించినట్టూ లేదు. ఆవిడ కళ్ళు తలుపు వైపు, తలుపు దాటి ఇంటి ముందు గుమ్మం వైపు పోయాయి.

"అయితే ఆవిడ నన్ను అడగలేదు," అంది.

"ఎవరత్తా?"

అప్పుడు చెప్పింది. తనకు ఏడేళ్ళుంటాయి. ఇంట్లో అమ్మ, తను. తలుపు తట్టిన చప్పుడైతే తనే వెళ్ళి తీసింది. బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ, వానలో తడిసిపోయి, అట్రాక్టా ఇక్కడే ఉంటుందా అని అడిగింది. నేనే అట్రాక్టా అని తను చెప్పింది. ఎవరో తెలియని మనిషి తన పేరు అడుగుతూ వచ్చిందని గర్వంగా కూడా అనిపించింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. తన ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చూసింది. చేతులు చల్లగా ఉన్నాయి. ఈలోగా అమ్మ వెనకనుంచి వచ్చి తనని లోపలికి లాగేసింది.

"ఈ ఇంట్లో ఆ పేరుతో ఈ పిల్ల తప్ప ఎవరూ లేరని చెప్పింది అమ్మ. ఆవిడ అమ్మని చూస్తూ నిలబడింది. అమ్మా చూస్తూ నిలబడింది. తర్వాత తలుపేసేసింది. ఎవరమ్మా అంటే పిచ్చిదంది. నేనూ పిచ్చిదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ నన్ను వెతుక్కుంటూ వచ్చిన పిచ్చిది ఒకావిడ ఉందనుకున్నాను."

"ఆవిడ పేరు వినిఫ్రెడ్ అత్తా. నాయనమ్మకి చెల్లెలు."

అత్త తల ఊపింది. చెల్లెలని తనకు ముందే తెలిసిపోయినట్టు ఊపింది. పెనిమిటీ అత్తమామలూ, ఊరూ చర్చీ అన్నీ ఒనోరా అని నమ్మి ఇచ్చినవే కదా మా అమ్మకి అంది. తలుపు తీసి ఉంచితే ఏమయ్యేదో ఆవిడకి తెలుసు అంది. కానీ ఆ మాటల్లో తల్లిని వెనకేసుకొస్తున్న ధీమా లేదు. ఆ పిల్ల చేతులు ఎంత చల్లగా ఉన్నాయో అని మళ్ళీ అంది. డెబ్భై ఏళ్ళకి పైగా కిందట వచ్చిన ఆవిడని పిల్ల అంటున్నదని ఎవరూ సరిదిద్దలేదు.

డింప్నా పక్కకి జరిగింది. అప్పుడు చూశారు. నడవాలో, వెలుతురు పడనిచోట, మాలకీ నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

అరుస్తాడనుకుంది ఊనా. కారు తీసుకెళ్ళినందుకైనా అరుస్తాడనుకుంది. మాలకీ గదిలోకి వచ్చి, మంచం కాళ్ళవైపు ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆవిడ దూరం పోలేదు అత్తా," అన్నాడు. "పట్టణంలోనే బతికింది. ఓడరేవు వెనక సందులో, కుట్టుపని చేసుకుంటూ."

మాలకీ కమ్మీ వంకే చూస్తూ చెప్పుకుపోయాడు.

"పోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. పద్దెనిమిదేళ్ళు నాకు. ఎవరు నాన్నా ఈవిడ అంటే, మోయ్ అన్నాడు. మోశాను. నాయనమ్మ కూడా వచ్చింది. శ్మశానంలోకి రాలేదు. గోడ అవతల రోడ్డు మీద వానలో నిలబడింది, మేం మట్టి వేసేదాకా.  అత్తకి చెప్పనని నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడు."

"నాకే ఎందుకు చెప్పొద్దన్నాడు?" అంది అత్త.

మాలకీ కమ్మీ మీద వేళ్ళు బిగించాడు.  పొద్దున సింకు దగ్గర అతనిలో ఏ భయం ఉందో, ఇప్పుడూ అదే ఉంది.

"ఎందుకో చెప్పలేదు. మరుసటేడు రాయి నిలబెట్టడానికి కూడా నన్నే తీసుకెళ్ళాడు. రాయికి డబ్బు నాయనమ్మే ఇచ్చిందట, గుడ్లమ్మి దాచుకున్నది. దాని మీద రెండు పేర్లున్నాయి. వినిఫ్రెడ్, దాని కింద అట్రాక్టా. అది నాయనమ్మ పేరని నాకేం తెలుసు అత్తా? ఇంట్లో నువ్వు రొట్టె కాలుస్తూ ఉన్నావు, నేను అక్కడ నీ పేరున్న సమాధిరాయి పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నుంచీ నువ్వు ఇల్లు దాటి బయటికెళ్తే, తిరిగి వచ్చేదాకా నాకు ప్రాణం కుదుటపడేది కాదు."

 అత్త దుప్పటి పక్కకి తీసి, కాళ్ళు నెమ్మదిగా నేల మీదికి దించింది. ఊనా పట్టుకోబోతే వద్దని చేత్తో ఆపింది.

"మా అమ్మ పేరు కింద తేదీ ఉందా?"

"లేదు," అన్నాడు మాలకీ. "ఆ చోటు ఖాళీగా ఉంచారు. ఇంకా ఖాళీగానే ఉంది."

"అయితే నా బూట్లు ఎక్కడున్నాయో చూడండి," అంది అట్రాక్టా.